బిందె దాచకండమ్మా: షుగర్ లేకుండా వచ్చే అతిదాహం, అతిమూత్రం గురించి

ప్రశ్న: మాది కడప జిల్లాలో ఒక మండల కేంద్రం. మావారికి 34 ఏళ్లు, సిమెంటు కొట్లో పని చేస్తారు. ఐదు నెలల కిందట రాత్రిపూట బైకు మీద వస్తూ పడిపోయారు. హెల్మెట్ లేదు. తలలో రక్తం గడ్డకట్టిందని ఎనిమిది రోజులు ఐసీయూలో పెట్టారు, ఆపరేషన్ మాత్రం అవసరం పడలేదు. ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒకటే దాహం. రోజుకి పది లీటర్ల దాకా తాగుతున్నారు, అదీ ఫ్రిజ్ నీళ్లే కావాలంటారు. రాత్రి ఆరేడుసార్లు మూత్రానికి లేస్తారు. మూడుసార్లు షుగర్ పరీక్ష చేయించాం, లేదన్నారు. ఒక డాక్టరు గారు ఇది ఒట్టి అలవాటు, నీళ్లు తగ్గించమన్నారు. మా అత్తయ్యదీ అదే మాట. పోయిన నెల ఒక రాత్రి బిందె, సీసాలు అన్నీ వంటింట్లో పెట్టి తాళం వేశాను. తెల్లవారుజామున లేచి చూస్తే ఆయన బాత్రూములో బకెట్ నీళ్లు మగ్గుతో ముంచుకుని తాగుతున్నారు. నన్ను చూసి ఏడ్చేశారు. ఇప్పుడు ఇంకో డాక్టరు గారు 'డయాబెటిస్ ఇన్‌సిపిడస్' కావచ్చు, హైదరాబాద్ తీసుకెళ్లండి అంటున్నారు. ఇది షుగరేనా? నయమవుతుందా? మాకు ఇద్దరు పిల్లలు. వాళ్లకీ వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేలోపు ఆ వంటింటి తాళం మళ్లీ ఎప్పుడూ వేయనని అనుకోండి. మీవారికి దాహం వేసినప్పుడల్లా, పగలైనా రాత్రైనా, ఎంత కావాలంటే అంత నీళ్లు ఇవ్వండి. మంచం పక్కనే నింపిన సీసాలు పెట్టండి. మీరు చెప్పిన లక్షణాలు నిజంగా ఈ జబ్బువే అయితే, ఆయన తాగే నీళ్లు జబ్బు కాదు. ఈ ఐదు నెలలూ ఆయన్ని కాపాడుకొచ్చింది ఆ నీళ్లే.

ఆ రాత్రి మీరు చేసినదానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. డాక్టరు చెప్పారు, పెద్దావిడ చెప్పారు, మీరు చేశారు. బకెట్ దొరకబట్టి గండం గడిచింది. ఈ జబ్బున్న మనిషికి రాత్రంతా నీళ్లు అందకపోతే మూత్రం ఆగదు, అది పోతూనే ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ రక్తంలో సోడియం పెరుగుతుంది. మొదట చిరాకు, నీరసం, తర్వాత మగత, అయోమయం, ఆ పైన ఫిట్స్, స్పృహ తప్పడం. ఆయన ఏడ్చింది మొండితనంతో కాదమ్మా. గొంతు ఎండి, నాలుక అంగిలికి అతుక్కుపోయి, తాగకపోతే బతకనని ఒళ్లు చెబుతుంటే, ఇంట్లో వాళ్లంతా అది అలవాటు అంటుంటే వచ్చే ఏడుపు అది. నా దగ్గరకొచ్చే ఈ జబ్బువాళ్లలో చాలామంది మొట్టమొదట చెప్పే బాధ దాహం కాదు, తమ మాట ఎవరూ నమ్మలేదన్నదే.

ఇది షుగరేనా అని అడిగారు. కాదు. పేరులో మొదటి సగం ఒకటే, జబ్బులు వేరు. డయాబెటిస్ అనేది గ్రీకు మాట, లోపల నిలవకుండా దాటిపోవడం అని అర్థం. తాగింది తాగినట్టు వెళ్లిపోవడం చూసి పెట్టిన పేరు. షుగర్ వ్యాధిలో రక్తంలో చక్కెర ఎక్కువై మూత్రంలోకి దిగుతుంది, వెంట నీళ్లను లాక్కుపోతుంది. దాని పూర్తి పేరులోని 'మెల్లిటస్' అంటే తేనెలా తియ్యనిది. మన మధుమేహం అన్న మాటా అదే చెబుతుంది. పాత రోజుల్లో మూత్రానికి చీమలు పడితే మధుమేహం అని గుర్తుపట్టేవారు. 'ఇన్‌సిపిడస్' అంటే రుచీపచీ లేనిది. ఈ మూత్రంలో చక్కెర ఉండదు, చీమలు పట్టవు, రంగు కూడా ఉండదు, కుళాయి నీళ్లలా ఉంటుంది. చరకుడు చెప్పిన ఇరవై ప్రమేహాల్లో ఉదకమేహం అని ఒకటుంది, నీళ్లలాంటి మూత్రం పోయేది. ఆయన చూసింది సరిగ్గా ఇదేనా అంటే నేను చెప్పలేను గానీ, తియ్యటి మూత్రం వేరు, నీళ్లలాంటి మూత్రం వేరు అన్న తేడా మన పెద్దలకి తెలుసు.

పేర్లు కలిసిపోవడం వల్ల ప్రాణాలే పోయాయి. ఈ జబ్బుతో వేరే ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరినవాళ్లకి, చీటీలో 'డయాబెటిస్' అని చూసి సిబ్బంది షుగర్ పరీక్షలు చేస్తూ కూర్చుని, అసలు ఇవ్వాల్సిన మందు ఆపేసిన సంఘటనలు ఉన్నాయి. 2009లో లండన్‌లో 22 ఏళ్ల కుర్రాడు ఆ మందు అందక ఆస్పత్రి మంచం మీద, నీళ్లు లేక చనిపోయాడు. ఇలాంటివి చూశాకే 2022లో ఎండోక్రైన్, అంటే హార్మోన్ల జబ్బుల, వైద్య సంఘాలు కలిసి ఈ జబ్బుకి పేరు మార్చాయి. ఇప్పుడు దీన్ని 'వేసోప్రెసిన్ లోపం' అని, ఇంకో రకాన్ని 'వేసోప్రెసిన్ నిరోధం' అని అంటున్నారు. మీ ఫైల్లో పాత పేరు కనిపించినా, కొత్త పేరు కనిపించినా కంగారుపడకండి, జబ్బు ఒకటే.

ఇక ఆ వేసోప్రెసిన్ ఏమిటో చెబుతాను. మీ వైపు చెరువు కింద సేద్యం ఉంది కాబట్టి మీకు తేలిగ్గా తెలుస్తుంది. చెరువు తూము దగ్గర నీరుగంటి ఉంటాడు కదా. పైనుంచి కబురొస్తే తూము మూస్తాడు, ఇంకో కబురొస్తే తెరుస్తాడు. మన కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్ల నీటిని వడకడతాయి. అందులో చాలా భాగం దారిలోనే తిరిగి రక్తంలోకి వెళ్లిపోతుంది, దానికి ఎవరి కబురూ అక్కర్లేదు. చివర్లో మిగిలే కొన్ని లీటర్లను దాచుకోవాలా, వదిలేయాలా అన్నది మాత్రం మెదడు తేలుస్తుంది. మెదడు అడుగున హైపోథలమస్ అనే చోట ఈ హార్మోన్ తయారవుతుంది. సన్నని కాడలాంటి దాని గుండా దిగి, పిట్యూటరీ గ్రంథి వెనక భాగంలో నిల్వ ఉంటుంది. రక్తం కాస్త చిక్కబడగానే అక్కణ్నుంచి విడుదలై కిడ్నీకి చేరుతుంది. కిడ్నీ గొట్టాల గోడల్లో నీటి కోసమే ఉన్న సన్నని ద్వారాలు తెరుచుకుని నీళ్లు వెనక్కి రక్తంలోకి వస్తాయి. ఆ ద్వారాలనే ఆక్వాపోరిన్లు అంటారు. అవి కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. కబురు రాకపోతే ఆ నీళ్లన్నీ మూత్రంలోకి పోతాయి.

మీవారి విషయంలో నాకు అనుమానం ఆ కాడ మీదే. బైకు మీంచి పడ్డప్పుడు మెదడు పుర్రెలో ఒక్కసారి ఊగుతుంది. ఆ ఊపుకి ఆ సన్నని కాడ నలిగిపోవచ్చు, తెగిపోవచ్చు, చుట్టూ వాపు రావచ్చు. స్కానింగులో రక్తం గడ్డ ఒక్కటే కనిపించి, అది కరిగిపోగానే అంతా బాగుందని ఇంటికి పంపేస్తారు. ఇంటికొచ్చాక దాహం మొదలవుతుంది. ఇలా కబురు పంపేచోటే దెబ్బతిన్న రకాన్ని సెంట్రల్ అంటారు, 'వేసోప్రెసిన్ లోపం' అన్న కొత్త పేరు దీనిదే. ఆయన ఫ్రిజ్ నీళ్లే కావాలని పట్టుబట్టడం కూడా ఈ రకంలో మేం తరచూ వినే మాట. ఈ దాహం మెల్లమెల్లగా పెరగదు, ఫలానా రోజు నుంచి అని చెప్పగలిగేంత హఠాత్తుగా మొదలవుతుంది. మీరూ ఇంటికొచ్చినప్పటి నుంచీ అని కచ్చితంగా రాశారు, చూడండి.

తలకి దెబ్బ ఒక్కటే కారణం కాదు. పిట్యూటరీ ఆపరేషన్ తర్వాత రావచ్చు. ఆ చోట గడ్డలు పెరిగి రావచ్చు, ముఖ్యంగా పిల్లల్లో, కుర్రాళ్లలో. టీబీ, సార్కాయిడోసిస్ లాంటివి అక్కడికి పాకి రావచ్చు. ఒంటి రక్షణ వ్యవస్థే ఆ గ్రంథి మీద దాడి చేయడం వల్ల రావచ్చు. కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదు. వాళ్లకి కొన్నాళ్లయ్యాక ఎంఆర్‌ఐ మళ్లీ తీయాలి, మొదట కనిపించనిది తర్వాత కనిపించవచ్చు.

రెండో రకంలో కబురు సరిగానే వస్తుంది, తూమే తుప్పుపట్టి కదలదు. దాన్ని నెఫ్రోజెనిక్ అంటారు, పైన చెప్పిన 'వేసోప్రెసిన్ నిరోధం' ఇదే. మానసిక వ్యాధికి లిథియం చాలా ఏళ్లు వాడినవాళ్లలో ఎక్కువ చూస్తాం. రక్తంలో కాల్షియం పెరిగినా, పొటాషియం తగ్గినా వస్తుంది. కొందరు మగపిల్లలకి పుట్టుకతోనే ఉంటుంది. జ్వరం, వాంతులు, మలబద్ధకం ఉండి, బరువు పెరగకుండా, పాలకన్నా నీళ్లు ఆత్రంగా తాగే పసివాడిని చూస్తే అది గుర్తురావాలి. గర్భిణుల్లో చివరి నెలల్లో మావి నుంచి వచ్చే ఒక ఎంజైమ్ ఈ హార్మోన్‌ని విరిచేయడం వల్ల వచ్చే రకం ఒకటుంది, కాన్పయ్యాక తగ్గిపోతుంది. ఇవేవీ మీవి కావు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

మీకు నీళ్లు తగ్గించమన్న డాక్టరు గారి మనసులో ఉన్నది వీటికి బయట ఇంకొకటి. హార్మోన్ బాగున్నా, కిడ్నీ బాగున్నా, కేవలం ఎక్కువ తాగడం వల్లే ఎక్కువ పోసేవాళ్లు కూడా ఉంటారు. అది నిజమే. కానీ ఆ మాట పరీక్ష చేశాకే అనాలి. ముఖ్యంగా తలకి దెబ్బ తగిలిన మనిషిని చూసి, పరీక్ష లేకుండా అలవాటు అనడం తప్పని నేను గట్టిగానే చెబుతాను. రక్త పరీక్షలన్నీ నార్మల్‌గా ఉన్నాయి కాబట్టి జబ్బు లేదనుకోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. నీళ్లు అందుతున్నంత కాలం ఈ జబ్బులో సోడియం నార్మల్‌గానే ఉంటుంది. ఆయన తాగి తాగి దాన్ని నార్మల్‌గా ఉంచుకుంటున్నారు మరి.

పెద్దాస్పత్రికి వెళ్లేముందు ఇంట్లోనే మీరు చేయగల పని ఒకటుంది, దానికి డబ్బు ఖర్చు లేదు. మంచినీళ్ల ఐదు లీటర్ల ఖాళీ డబ్బాలు మూడు కడిగి ఆరబెట్టండి. ఒకరోజు ఉదయం ఆరింటికి ఆయన్ని మూత్రం పోసి రమ్మనండి, అది పారబోయండి. అప్పటి నుంచి పోసిన ప్రతిచుక్కా, రాత్రి లేచి పోసినదీ, విరేచనానికి వెళ్లినప్పుడు పోయేదీ, ఆ డబ్బాల్లోకే. మర్నాడు ఉదయం ఆరింటికి పోసేది కూడా అందులోనే కలపాలి. అక్కడితో ఆపండి. ఇంకోవైపు తాగే నీళ్లన్నీ లీటరు సీసాతోనే తాగమనండి, సీసా అయినప్పుడల్లా గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో ఒక గీత. మజ్జిగ, టీ కూడా లెక్కే. ఆ రోజూ నీళ్లు తగ్గించొద్దు, ఎప్పటిలాగే తాగాలి. పెద్దవాళ్లకి మామూలుగా రోజుకి లీటరున్నర, రెండు లీటర్ల మూత్రం వస్తుంది. కిలో బరువుకి 50 మిల్లీలీటర్లు దాటితే అతిమూత్రం అంటాం. 60 కిలోల మనిషికి అది మూడు లీటర్లు. మీవారికి రెండో డబ్బా నిండుతుందని నా అంచనా. డబ్బాలన్నీ మోసుకెళ్లనక్కర్లేదు. మొత్తం కొలత రాసుకుని, అన్నీ కలిపి అందులోంచి ఒక చిన్న సీసాడు ల్యాబ్‌లో ఇస్తే చాలు.

ఇంకొక పని మాత్రం ఇంట్లో ఎప్పుడూ చేయకండి. నీళ్లు ఆపి చూడటం. అదే ఈ జబ్బుకి పాతకాలం నుంచీ ఉన్న అసలు పరీక్ష, కానీ అది ఆస్పత్రిలో మనిషి పక్కన కూర్చుని చేసేది. ఉదయం మొదలుపెడతారు. నీళ్లు, టీ, ఏవీ ఇవ్వరు. గంటగంటకీ బరువు తూస్తారు, మూత్రం కొలుస్తారు, దాని చిక్కదనం చూస్తారు. మధ్యమధ్య రక్తం తీసి సోడియం, ఆస్మొలాలిటీ (చిక్కదనాన్ని చెప్పే కొలత) చూస్తారు. ఆరోగ్యవంతుడికి నీళ్లు ఆపితే కొన్ని గంటల్లో మూత్రం తగ్గి పసుపుపచ్చగా చిక్కబడుతుంది. ఈ జబ్బులో ఆగదు, నీళ్లలాగే పోతుంటుంది, బరువు దిగుతుంటుంది. బరువు మూడు నుంచి ఐదు శాతం తగ్గినా, సోడియం హద్దు దాటినా పరీక్ష ఆపేసి మందు ఇస్తారు. ఆ మందు పేరు డెస్మోప్రెసిన్, పోయిన హార్మోన్‌కి బదులు ఇచ్చేది. అది ఇచ్చాక మూత్రం చిక్కదనం సగానికి పైగా పెరిగితే కబురు లేకపోవడమే జబ్బు అని తేలినట్టు. ఇచ్చినా చలనం లేకపోతే లోపం కిడ్నీలో ఉన్నట్టు.

నేను చదువుకునే రోజుల్లో ఒక అమ్మాయికి ఈ పరీక్ష చేస్తూ పక్కన కూర్చున్నాను. పది గంటలకి 47 కిలోల 200 గ్రాములు. పదకొండింటికి 46 కిలోల 800. పన్నెండింటికి తూస్తే మళ్లీ 47 కిలోల 300. ముల్లు తప్పు చూపిస్తోందేమోనని రెండోసారి తూశాను. అదే బరువు. ఆ అమ్మాయి తల దించుకుంది. బాత్రూముకి వెళ్లినప్పుడు చేతులు కడుక్కునే కుళాయి కింద దోసిలి పట్టి తాగిందట. కోప్పడబోయి ఆమె పెదాలు చూసి ఆగిపోయాను, తెల్లగా పొలుసులు కట్టి ఉన్నాయి. పరీక్ష మర్నాడు మళ్లీ చేశాం, ఈసారి చేయి పట్టుకుని ఒక నర్సమ్మ పక్కనే కూర్చుంది. మందు ఇచ్చిన రెండు గంటలకి ఆ అమ్మాయి కొలతగ్లాసు ఎత్తి చూపించి, "పచ్చగా వచ్చింది సార్" అంది. ఏళ్ల తరబడి తన మూత్రానికి రంగు ఉంటుందని ఆమెకి తెలియదు. ఇవాళ్టికీ ఈ పరీక్ష రాసేటప్పుడు ఆ గ్లాసు గుర్తొస్తుంది.

అందరికీ ఈ పరీక్ష అవసరం పడదు కూడా. ఉదయాన్నే రక్తం, మూత్రం ఒకేసారి తీసి చూస్తే కొందరిలో అక్కడే తేలిపోతుంది. సోడియం 145 దాటి ఉండి, మూత్రం మాత్రం పలచగా, ఆస్మొలాలిటీ 300 లోపు ఉంటే ఇక నీళ్లు ఆపి హింసించాల్సిన పనిలేదు. ఈమధ్య కోపెప్టిన్ అనే రక్త పరీక్ష వచ్చింది. వేసోప్రెసిన్ రక్తంలో త్వరగా విరిగిపోతుంది, కొలవడం కష్టం. దాంతోపాటు సమానంగా పుట్టి, నిలకడగా ఉండే ముక్క కోపెప్టిన్. ఉప్పు సెలైన్ ఎక్కించి సోడియం పెంచి దీన్ని కొలిచే పద్ధతి, 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో 96.5 శాతం మందిలో సరైన రోగనిర్ధారణ ఇచ్చింది. నీళ్లు ఆపే పరీక్ష 76.6 శాతం దగ్గరే ఆగింది. ఇది అన్ని ఆస్పత్రుల్లో చేయరు, చేయకపోతే లోటేమీ లేదు, పాత పరీక్ష జాగ్రత్తగా చేస్తే చాలు.

మీరు మాత్రం గట్టిగా అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి పిట్యూటరీకి ప్రత్యేకంగా తీసే ఎంఆర్‌ఐ. మామూలుగా ఆ గ్రంథి వెనక భాగం అందులో తెల్లగా మెరుస్తూ కనబడుతుంది. ఈ జబ్బులో ఆ మెరుపు తరచూ మాయమవుతుంది. కాడ తెగిందా, ఉబ్బిందా అన్నదీ తెలుస్తుంది. రెండోది, ఇది ఇంకా ముఖ్యం, పిట్యూటరీ ముందు భాగం హార్మోన్లు. తలకి తగిలిన దెబ్బ వెనక భాగాన్నే చూసుకుని తగలదు కదా. ఆ భాగం అదుపులో ఉండే కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్), ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్), టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఉదయం ఎనిమిది గంటలకి చూడాలి. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి వదిలేయకూడదు. టీఎస్‌హెచ్‌ని పంపేది ఆ పిట్యూటరీయే, అదే దెబ్బతిన్నప్పుడు ఆ అంకె నార్మల్‌గా ఉండి మోసం చేస్తుంది. ఆయనకి బాగా నీరసం, ఆకలి లేకపోవడం, బీపీ పడిపోవడం, గడ్డం పెరగకపోవడం లాంటివి ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. కార్టిసాల్ తక్కువగా ఉంటే అతిమూత్రం కొంత అణిగి ఉంటుంది కూడా. కార్టిసాల్‌కి బిళ్లలు మొదలుపెట్టగానే మూత్రం ఒక్కసారిగా ఎక్కువైతే మందు పడలేదనుకుని ఆపేయకండి, దాగి ఉన్న జబ్బు బయటపడిందని అర్థం.

నయమవుతుందా అన్నారు. చెప్పగలిగినంత నిజం చెబుతాను. దెబ్బ వల్ల వచ్చినది చాలామందిలో మొదటి రోజుల్లో, వారాల్లోనే తగ్గిపోతుంది. వాపు దిగి, మిగిలిన నరాలు కోలుకుంటాయి. మీవారికి ఐదు నెలలైంది. ఇప్పటికీ పది లీటర్లు అంటే నిలిచిపోయే అవకాశమే ఎక్కువ. అయినా తలుపు మూసుకుపోలేదు, ఏడాది దాకా కోలుకున్నవాళ్లున్నారు. మధ్యమధ్య డాక్టరే మందు తగ్గించి చూస్తారు. నిలిచిపోయినా భయపడాల్సింది లేదు. మందు వేసుకుంటే ఆయన సిమెంటు కొట్టుకి వెళ్తారు, రాత్రి నిద్రపోతారు, పిల్లల్ని సినిమాకి తీసుకెళ్లి మధ్యలో లేవకుండా చూడగలరు. 1913లో మొదటిసారి పిట్యూటరీ సారం ఇంజెక్షన్ ఇస్తే మూత్రం తగ్గుతుందని కనిపెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్లు పశువుల గ్రంథిని ఎండబెట్టిన పొడిని రోగులు నస్యంలా పీల్చేవారు, ముక్కులు పుండ్లు పడేవి. డెస్మోప్రెసిన్ వాడకంలోకి వచ్చింది 1970ల్లో. ఇప్పుడు అది బిళ్లగా, నాలుక కింద కరిగేదిగా, ముక్కులో కొట్టుకునే స్ప్రేగా, ఇంజెక్షన్‌గా దొరుకుతోంది.

మామూలుగా రాత్రి పడుకునే ముందు చిన్న మోతాదుతో, అంటే 0.1 మిల్లీగ్రాము బిళ్లతో మొదలుపెడతారు. నిద్ర పట్టడమే మొదటి లక్ష్యం. తర్వాత అవసరాన్ని బట్టి పగలు ఇంకొకటో రెండో కలుపుతారు. బిళ్ల పనిచేసేది ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. తిండితో కలిపి వేసుకుంటే సరిగా ఒంటబట్టదు, కాబట్టి రోజూ ఒకే పద్ధతి పాటించాలి. బిళ్ల మోతాదు వేరు, స్ప్రే మోతాదు వేరు. స్ప్రేకి పది మైక్రోగ్రాములు, బిళ్లకి వంద మైక్రోగ్రాములు, మందుల షాపులో ఇది లేదు అది ఉంది అని మార్చి ఇస్తే తీసుకోకండి.

ఇక్కడి నుంచి, అమ్మా, దయచేసి నెమ్మదిగా చదవండి. అత్తయ్యగారికి కూడా చదివి వినిపించండి. ఇంతవరకు నేను నీళ్లు ఆపొద్దు, ఆపొద్దు అన్నాను. మందు మొదలైన రోజు నుంచి లెక్క తిరగబడుతుంది. తూము మూసుకుంటుంది, ఇక తాగిన నీళ్లు బయటికి పోవు. ఐదు నెలల అలవాటు మాత్రం చేతిలో సీసాగా ఉండిపోతుంది. "ఎండాకాలం, బాగా నీళ్లు తాగు నాయనా" అని ప్రేమగా చెప్పేవాళ్లూ ఉంటారు. దాహం లేకుండా తాగితే ఆ నీళ్లు రక్తంలో చేరి సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, వాంతి, మగత, మాట తడబడటం, ఆ పైన ఫిట్స్. మొదటివారంలో ఆయనకి తలనొప్పి, వాంతి వస్తే గ్యాస్ అనుకుని బిళ్ల ఇవ్వకండి. డెస్మోప్రెసిన్ తర్వాతి మోతాదు ఆపి, నీళ్లు ఆపి, వెంటనే ఆస్పత్రికి వెళ్లి సోడియం చూపించండి. ఈ మందుతో వచ్చే అసలు ప్రమాదం ఇదొక్కటే.

అందుకే నా దగ్గరివాళ్లకి రెండు నియమాలు చెబుతాను. మందు మొదలయ్యాక దాహం వేస్తేనే తాగాలి, నోరు ఊరకే ఉందని కాదు, ఎవరో చెప్పారని కాదు. వారానికొకసారి, డాక్టరు చెప్పిన రోజు, బిళ్ల కాస్త ఆలస్యం చేసి, మూత్రం మళ్లీ నీళ్లలా ధారగా రావడం మొదలయ్యాకే వేసుకోవాలి. ఒంట్లో ఎక్కడైనా నీరు మిగిలిపోయి ఉంటే ఆ పూట బయటికి పోతుంది. మందు మొదలుపెట్టిన మూడు నాలుగు రోజులకి ఒకసారి, వారానికి, నెలకి సోడియం చూడాలి. తర్వాత కొన్ని నెలలకోసారి చాలు. మీవారికి దాహం వేస్తోంది, అది అదృష్టం. కొందరికి దెబ్బలో దాహం తెలిసే కేంద్రం కూడా పోతుంది, వాళ్లకి రోజూ బరువు తూచి నీళ్లు కొలిచి ఇవ్వాల్సి వస్తుంది. ఫిట్స్‌కి కార్బమజిపైన్ గానీ, దిగులుకి కొన్ని రకాల మందులు గానీ వాడుతుంటే ఆ చీటీ కూడా చూపించండి, డెస్మోప్రెసిన్‌తో కలిస్తే అవి సోడియంని ఇంకా దించుతాయి. తలకి దెబ్బ తగిలినవాళ్లకి ఫిట్స్ బిళ్లలు రాయడం మామూలే కాబట్టి చెబుతున్నాను. నొప్పి బిళ్లలు కూడా సొంతంగా కొని వేసుకోవద్దు.

నెఫ్రోజెనిక్ రకం ఉన్నవాళ్లకి ఈ మందు దాదాపు పనిచేయదు. వాళ్లకి ఉప్పు తగ్గించడం, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి బిళ్లలు, లిథియం వల్ల వచ్చినవాళ్లకి అమిలోరైడ్ వాడతారు. మామూలుగా మూత్రం ఎక్కువ చేసే బిళ్ల ఇక్కడ తగ్గించడం వింతగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

పిల్లల గురించి నిశ్చింతగా ఉండండి. దెబ్బ వల్ల వచ్చినది పిల్లలకి రాదు. కుటుంబాల్లో దిగే రకాలున్నాయి గానీ అవి వేరు.

మందు మొదలయ్యాక ఇంట్లో కనీసం పదిహేను రోజుల నిల్వ ఉంచుకోండి, చిన్న ఊళ్లలో ఇది అన్నివేళలా దొరకదు. శివరాత్రికి నీళ్లు ముట్టని ఉపవాసం ఆయనకి వద్దు, దేవుడు ఏమీ అనుకోడు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో కూర్చోకండి. జేబులో ఒక కార్డు ఉండాలి, లామినేషన్ చేయించండి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించండి. "ఈయనకి వేసోప్రెసిన్ లోపం ఉంది. ఇది షుగర్ వ్యాధి కాదు. డెస్మోప్రెసిన్ ఆపకూడదు. నీళ్లు ఆపకూడదు. స్పృహ లేకపోతే వెంటనే సోడియం పరీక్ష చేసి ఎండోక్రైనాలజిస్టుని పిలవండి." కింద మీ ఫోన్ నంబరు. ఏ ఆస్పత్రిలో ఏ జబ్బుకి చేరినా ఆ కార్డు ముందు డాక్టరు చేతికి, తర్వాత నర్సు చేతికి, డ్యూటీ మారినప్పుడు కొత్త నర్సు చేతికి ఇవ్వండి. విసుక్కుంటారు, ఫర్వాలేదు.

వెళ్లడానికి హైదరాబాదే అక్కర్లేదు. నిమ్స్‌లో, ఉస్మానియాలో ఎండోక్రైనాలజీ విభాగాలున్న మాట నిజమే, కానీ మీకు తిరుపతి స్విమ్స్ దగ్గర, అక్కడా ఆ విభాగం ఉంది. ప్రమాదం నాటి డిశ్చార్జి కాగితం, సీటీ స్కాన్ ఫిల్ములు, మూడు షుగర్ రిపోర్టులు, క్యాలెండర్‌లోని ఆ గీతల పేజీ చించి తీసుకెళ్లండి. బస్సు కన్నా రైలు మేలు, బాత్రూము ఉంటుంది కాబట్టి ఆయన ఎవరినీ ఆపమని బతిమాలక్కర్లేదు. నడవా పక్క సీటు చూసుకోండి. ఐదు లీటర్ల డబ్బా నిండుగా, చేతిసంచిలో ఇంకో రెండు సీసాలు. దారిలో ఎక్కడైనా మంచు ముక్కలు అమ్మితే కొని ఇవ్వండి, ఆ చల్లదనం ఆయనకి ఎంత హాయో ఇప్పుడు మీకు తెలుసు.